నీది నలభై ఒకటి

ఆయన ఎడమ ముంజేతి మీద ఉన్న వాత నేను పెట్టింది. పొరపాటున తగిలింది కాదు. కళ్లు తెరుచుకునే పెట్టాను, పెట్టి అదిమి పట్టాను. ఇన్నేళ్లలో ఈ మాట బయట ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు తెలుసు, అప్పుడు అక్కడే ఉన్నాడు గనక. మా పాపకు తెలుసు, కాల్చిన ఆ గరిటె దాని మెడ కోసమే గనక.

మొన్న పాల వ్యాను డ్రైవరు క్యాన్లు ఎత్తుకుంటూ, ఆత్మకూరులో పశువుల ఆస్పత్రి పాత కాంపౌండరు సారు తెల్లవారుజామున గుండె ఆగి పోయాడనీ, సాయంత్రానికి తీసేస్తారనీ మామూలుగా చెప్పాడు. చేతిలో ఉన్న చెంబు అక్కడే పెట్టేసి చీర మార్చుకున్నాను. పాప ఇప్పుడు పదో తరగతి. బడి ఉంది, రానంటుందేమో అనుకున్నాను. నాకంటే ముందే చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా బస్సులో నాకు ఒకటే ఆలోచన. శవం మీద గుడ్డ కప్పి ఉంటారు గదా, ఆ చెయ్యి ఒక్కసారి చూడనిస్తారా అని.

ఆయన పేరు చెప్పను. ఆయన్ను పేరుతో పిలిచినవాళ్లు మా పక్క ఊళ్లలో లేరు. ఎదురుగా సారు, వెనక నోటికొచ్చిన తిట్టు. యాభై దాటిన మనిషి, ఎండిన తుమ్మమొద్దులా ఉండేవాడు. ఏదో బర్రె తన్నితే ముక్కు పక్కకు తిరిగింది, ఏదో ఎద్దు కుమ్మితే నడక వంకర పోయింది. మోటారు సైకిలు హ్యాండిలుకు మందుల ఐసు డబ్బా వేలాడుతుండేది. రోహిణి ఎండల్లో, ఒంటి మీద గుడ్డ కూడా బరువనిపించే రోజుల్లో, పొడుగు చేతుల చొక్కా వేసుకుని మణికట్టు దగ్గర గుండీ పెట్టుకునేవాడు. మొదటి రోజే అది చూసి, వీడెవడో ఆఫీసరు వేషం కట్టుకుని దిగాడే అనుకున్నాను.

పశువును ఒక్క దెబ్బ కొట్టేవాడు కాదు. మనుషుల్ని కొట్టేవాడు. మా వీధిలో ఒకడు సూదికి లొంగని బర్రె పడ్డను నిలబెట్టాలని దాని తోక మెలిపెట్టాడు. సారు సూది పక్కన పెట్టి, వాడి చెంప పగలగొట్టి, చిటికెన వేలు పట్టుకుని వెనక్కి వంచాడు. వాడు కేకలు పెడుతుంటే, తోకలో ఎన్ని ఎముకలు ఉంటాయో, అవి విరిగితే ఎట్లా ఉంటుందో వేలు వదలకుండానే పాఠం చెప్పాడు. తర్వాత అదే మనిషి చేత నీళ్లు తెప్పించుకుని తాగి, పడ్డ చెవి గోకి, పని చేసుకుని పోయాడు. ఆ చిటికెన వేలు నాలుగు రోజులు వాచి ఉంది.

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఒక క్యాలిపర్ ఉండేది. చర్మం మడత పట్టి ఎంత మందం ఉందో చూసే స్టీలు కొలత అది. దానితో కనిపించిందల్లా కొలిచేవాడు. బీడీ కొలిచేవాడు, బెల్లం అచ్చు అంచు కొలిచేవాడు. మా ఆయన మర్యాదకు దోశె పెట్టిస్తే దాని అంచును ఆ స్టీలు మూతిలో పెట్టి, ఆరు మిల్లీమీటర్లు, ఇది దోశా దిమ్మా అని వంటింట్లోకి వినపడేట్టు అడిగాడు. నాకు ఒళ్లు మండింది. రెండో దోశె ఇంకా మందంగా పోసి పంపించాను.

ఆయన మా ఇంటికి రావడానికి కారణం చచ్చిన బర్రె. కొండాపురం పక్కన ఒక ఊళ్లో బర్రె దగ్గి దగ్గి, చిక్కి చచ్చిపోతే, ఆయన గొడ్డలితో పక్కటెముకలు నరికి లోపల చూశాడట. ఊపిరితిత్తుల నిండా గడ్డలు. మనుషులకు వచ్చే క్షయే పశువుకూ వస్తుందనీ, దగ్గుతో పక్క పశువుకూ, పచ్చిపాలతో మనిషికీ అంటుకుంటుందనీ అప్పుడే మా పక్క జనం విన్నారు. ఇక ఆయన ఆ బర్రె వెనకదారి పట్టాడు. ఎవరి దగ్గర కొన్నావు అని అడిగేవాడు. చెప్తే, దానికి ముందు? అనేవాడు. ఆ ఇంటికి పోయి మళ్లీ, దానికి ముందు? చెవికున్న ట్యాగు నంబరు, కొమ్ము వంపు, నుదుటి సుడి, ఏదీ వదిలేవాడు కాదు. అట్లా రెండు ఇళ్లు దాటి మూడో ఇంటికి వచ్చాడు. ఆ మూడో ఇల్లు మాది. చచ్చిన బర్రె మా కొట్టంలో పుట్టి పెరిగింది.

మా కొట్టానికి ఒక పేరు ఉండేది. నాకూ ఉండేది. మా నాయన పశువులకు వాతలు పెట్టడంలో దిట్ట. మగపిల్లలు లేక ఆ విద్య నాకు నేర్పాడు. గొంతు వాపుకు ఎక్కడ, కుంటుకు ఎక్కడ, ఎంతసేపు, కడ్డీ ఏ రంగుకు వచ్చాక, అన్నీ నాకు చేతి లెక్క. పెళ్లై ఇక్కడికి వచ్చాక కలిగిరి వైపు నుంచి కూడా పశువుల్ని తోలుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు. డిగ్రీ చదివిన ఆడది నిప్పుల ముందు కూర్చుని వాతలు పెడుతుందని నవ్వినవాళ్లు కూడా పశువుకు వాపు వస్తే నా గడప ఎక్కేవాళ్లు. అలాంటి నా కొట్టంలోంచి రోగం పోయిందని ఒక కుంటి కాంపౌండరు ఊరంతా చెప్పుకుంటూ వస్తే ఎట్లా ఉంటుంది?

సోమవారం పొద్దున మా ఆరు బర్రెలకూ మెడ మీద బ్లేడుతో రెండు వేళ్ల మేర వెంట్రుకలు గీకాడు. చర్మం మడత పట్టి కొలిచి రాసుకున్నాడు. అదే చోట చర్మంలోకి సన్న సూదితో మందు ఎక్కించాడు. నేను కోపంతో వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆయన చెప్పాల్సిందంతా మా ఆయనకు చెప్పాడు. మూడు రోజులకు వచ్చి మళ్లీ కొలుస్తాననీ, రోగం ఉన్నదానికి సూది పడ్డ చోట వాస్తుందనీ, ఆ వాపే తనకు కావాలనీ. మా ఆయన ఇంట్లోకి వచ్చి నాకు చెప్పింది ఒక్క ముక్క, ముట్టుకోవద్దన్నాడు అని. కడగొద్దన్నాడేమో అనుకున్నాను.

రెండో రోజు సాయంత్రం వంకకొమ్ము బర్రె మెడ మీద కోడిగుడ్డంత వాపు లేచింది. అది మా పెద్ద బర్రె, మా నాయన నాకు ఇచ్చి పంపింది. చచ్చిన బర్రెను కన్నది అదే. దాని ఒంటి మీద వాపు చూసి ఊరుకోవడం నా చేతికి రాదు. కొలత తప్పించాలని చేయలేదు, మా పాప మీద ఒట్టు. వాపుకు వాత, నాకు తెలిసింది అదే. సూది పోటుకు చీము పట్టింది, సారు చెడగొట్టిపోయాడు అనుకున్నాను. కడ్డీ ఎర్రగా కాల్చి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పెట్టాను. బర్రె పలుపు తెంచుకుని మా ఆయన్ను కొట్టం గోడకు కొట్టింది, ఆయన భుజం జారింది. దాన్ని మళ్లీ పట్టుకుని, కట్టేసి, మిగిలిన వాత పూర్తి చేశాను.

గురువారం చెప్పిన వేళకే సారు వచ్చాడు. క్యాలిపర్ తీసి వంకకొమ్ము దగ్గరికి పోయి ఆగిపోయాడు. కాలిన చర్మం పొంగి, పచ్చిగా, అరచేయి అంత వెడల్పున ఉంది. అందులో ఏ వాపు సూదిదో, ఏ వాపు నిప్పుదో దేవుడికే తెలియాలి. తర్వాత క్యాలిపర్ జేబులో పెట్టుకుని, ఇంక కొలవడానికి ఏముందని అడిగాడు. ఆ గొంతు మామూలుగానే ఉంది. నేనే నోరు పారేసుకున్నాను. నా ఇంటికి వచ్చి నా పశువును చెడగొట్టి నన్నే అడుగుతావా అని, ఆయన పుట్టుక దాకా తిట్టాను.

ఆయన వినడం లేదు. నా వెనక్కి చూస్తున్నాడు. మా పాపకు అప్పుడు ఆరేళ్లు. దానికి గుమ్మపాలు అలవాటు. పొదుగు కింద గ్లాసు పెట్టి, నురగతో వెచ్చగా, పిండిన చోటే నిలబడి తాగాలి. ఎముక గట్టిపడుతుందని నేనే అలవాటు చేశాను. ఆ పొద్దున కూడా మా ఆయన జారిన భుజం మీద గుడ్డ కట్టుకుని ఒక చేత్తోనే వంకకొమ్మును పిండుతుంటే అది గ్లాసు మూతికి పెట్టుకుంది. సారు కుంటుకుంటూ నాలుగు అంగల్లో పోయి గ్లాసును ఒక్క దెబ్బ కొట్టాడు. గ్లాసు గోడకు తగిలి పడింది, పాప పెదవి చిట్లి రక్తం వచ్చింది.

తర్వాత జరిగింది చెప్పుకోదగ్గది కాదు. మా ఆయన లేచి, పాలున్న బొక్కెన ఎత్తి సారు మొహం మీద వేసి కొట్టాడు. పక్కింటివాళ్లు ఇద్దరు వచ్చి ఏం జరిగిందో అడగకుండానే తన్నారు. నేను ఆపలేదు. ఆయన పాలల్లో పడి, లేచి, మూతి తుడుచుకుని, బండి దగ్గర నిలబడి చెప్పాడు.

"ఈ సూది మళ్లా వెయ్యాలంటే నలభై రెండు దినాలు ఆగాల. అందాకా ఆ బర్రెను యేరే కట్టండి. పాలు కాగబెట్టి తాగండి. ఆ బిడ్డ నోట్లో పచ్చిపాలు పొయ్యబాకండి. పోస్తే మాత్రం, నేను మనిషిని కాను."

పోశాను. రోజూ పోశాను. ఆయన చెప్పాడు గనకనే పోశాను. అప్పటి నా కోపం అట్లాంటిది.

ఆ నలభై రెండు రోజుల్లో ఇంకో పని కూడా చేశాను. చచ్చిన బర్రెతో ఒకే తొట్టిలో నీళ్లు తాగిన పశువులన్నింటినీ వెతుక్కుంటూ ఆయన ఊరూరా సూదులు వేస్తున్నాడు. రోగం ఉందని తేలితే పాలు ఎవరూ పోయించుకోరు, పశువును ఎవరూ కొనరు, అది జనానికి పట్టుకున్న భయం. మా ఇంట్లో జరిగింది ఆ నోటా ఈ నోటా పాకింది. మెడ మీద వాత పడితే సారు కొలవలేడు అని. సూది పడ్డ మర్నాడే పశువుల్ని నా దగ్గరికి తోలుకొచ్చారు. ఈసారి నాకు తెలుసు. తెలిసే పెట్టాను. ఒక్కొక్క మెడ మీదా వాత పెడుతుంటే ఆయన మొహం మీద పెట్టినట్టే ఉండేది. అనుమసముద్రంపేట పక్క ఊళ్లలో, నన్ను పిలవకుండానే పశువులకు సొంతంగా వాతలు వేసుకోవడం మొదలుపెట్టారు.

ఆయన మాత్రం రెండు రోజులకోసారి మా వాకిలి ముందు బండి ఆపేవాడు. దిగేవాడు కాదు. ఎన్ని రోజులు మిగిలాయో ఒక అంకె చెప్పి పోయేవాడు. ముప్పై ఒకటి. ఇరవై తొమ్మిది. ఒకసారి తలకు కట్టుతో వచ్చాడు, ఏదో ఊళ్లో రాళ్లేశారట. అయినా అంకె చెప్పాడు.

పది రోజులు మిగిలి ఉన్నాయనగా పాపకు తల దువ్వుతుంటే చెవి కింద, మెడ మీద, చింతగింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదంది. వారానికి ఉసిరికాయంత అయింది. పొద్దుగూకితే ఒళ్లు వెచ్చబడేది. అన్నం మీద చెయ్యి పెట్టి కూర్చునేది, తినేది కాదు. అనుమానం రాకపోలేదు గానీ, దానికి పేరు పెట్టడానికి నాకు ధైర్యం లేదు. పేరు పెడితే ఆ కుంటివాడు గెలిచినట్టు. గడ్డలు నాకు తెలుసు, వాతలు నాకు తెలుసు అనుకున్నాను. చిన్నబిడ్డకు కడ్డీ మోటు అవుతుందని ఇనప గరిటె కాడ నిప్పుల్లో పెట్టాను.

అది నలభై రెండో రోజని నాకు గుర్తు లేదు. మా ఆయన పాపను తొడల మధ్య బిగించి, తల పక్కకు వంచి పట్టుకున్నాడు. భుజం ఇంకా సరిగ్గా లేదాయనకు. అమ్మా, నేను మంచిగా ఉంటానే, అన్నం తింటానే అని అది ఏడుస్తోంది. నేను గరిటె తీశాను. బండి చప్పుడు వినపడింది, వాకిట్లో ఐసు డబ్బా పడ్డ చప్పుడు వినపడింది. తర్వాత పాప మెడకూ నా గరిటెకూ మధ్య ఒక చొక్కా చెయ్యి వచ్చింది.

ఇక్కడ అబద్ధం చెప్పదలచుకోలేదు. ఆ చెయ్యి నాకు కనిపించింది. ఆపడానికి టైము ఉంది. ఆపలేదు. ఊరంతా నన్ను వేలెత్తి చూపించేలా చేసిన చెయ్యి అది, నా బిడ్డ మూతి పగలగొట్టిన చెయ్యి అది అనుకున్నాను. అదిమాను. చొక్కా గుడ్డ కమిరి లోపలికి అంటుకుంది, మాంసం కాలిన వాసన వచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పళ్లు కరుచుకుని నా మొహంలోకి చూస్తూ, నేను ఎత్తేదాకా అట్లాగే ఉంచాడు. తీస్తే గరిటె పాపకు తగులుతుందని.

నేను గరిటె ఎత్తగానే రెండో చేత్తో నన్ను కొట్టాడు. ఆ దెబ్బకు నిప్పుల పక్కన పడ్డాను. దవడ పన్ను ఒకటి ఊడింది, ఆ సందు ఇప్పటికీ ఉంది. మా ఆయన పాపను వదిలి కర్ర తీసుకుని సారు వీపు మీద రెండు వేశాడు. మూడోది వెయ్యబోతుంటే ఆయన తిరిగి చూడకుండానే అన్నాడు.

"కొట్టుకుందువులే నాయనా, నేనేడికి బోతా? ముందు బిడ్డను బస్సెక్కించు. ఇది క్షయ గడ్డ. దీన్ని కాలిస్తే పగిలి మెడంతా తొలుస్తాది. నెల్లూరికి తీసకపో. బతుకుతాది. బిళ్లలు మింగితే బతుకుతాది."

అప్పుడు క్యాలిపర్ తీశాడు. చొక్కా చేతి మీద తడి పాకుతోంది. పాప ముందు గొంతుకూర్చుని, చల్లటి స్టీలు, నొప్పి ఉండదు అని చెప్పి గడ్డను కొలిచాడు. ఇరవై రెండు అని, మందుల చీటీ వెనక రాసి మా ఆయన జేబులో పెట్టాడు. ఆ కాగితం డాక్టరుకు చూపించమన్నాడు. కర్ర పట్టుకున్న మనిషి కర్ర కింద పడేసి, పాపను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు.

నేనూ సారూ మిగిలాం. చేతికి నీళ్లు పోస్తానన్నాను. అక్కర్లేదన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడవమంటే ససేమిరా అన్నాడు. గుడ్డ మీదే చెంబెడు నీళ్లు పోసుకుని, ఐసు డబ్బా తీసుకుని కొట్టంలోకి పోయాడు. నేను ముక్కుతాడు పట్టుకున్నాను, ఆయన ఆరు బర్రెలకూ సూదులు వేశాడు. నా నోట్లోంచి రక్తం కారుతోంది, ఆయన చేతి నుంచి నీరు కారుతోంది. బండి ఎక్కేటప్పుడు, మూడు దినాలు అన్నాడు.

ఆ మూడు రోజులూ కొట్టం గడప మీదే పడుకున్నాను. వంకకొమ్ము మెడ మీద వాపు పెరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. నా చేతులకు నేనే తాళం వేసుకున్నట్టు పైటలో చుట్టుకుని కూర్చున్నాను.

ఆయన వచ్చి చర్మం మడత పట్టి, క్యాలిపర్ అంకె తను చూడకుండా నా వైపు తిప్పాడు. నువ్వే చదువు అన్నాడు. మొదట తొమ్మిది. ఇప్పుడు ఇరవై ఒకటి. మిగతా ఐదింటిలో ఇంకొకదానికి కూడా పెరిగింది. చదివి నేల మీద కూలబడి ఏడ్చాను. పాప గడ్డలోకి సూది గుచ్చి తీసి చూశారనీ, అదేననీ, నెలల తరబడి మందులనీ నెల్లూరు నుంచి ఫోను అప్పటికే వచ్చింది. నా బిడ్డకు నా చేత్తో పోశాను సార్ అన్నాను. ఆయన ఓదార్చలేదు. ఎన్ని మెడల మీద వాతలు పెట్టావో లెక్క చెప్పు, నాతో రా అన్నాడు.

పోయాను. ఆయన బండి వెనక కూర్చుని, వాచిన మొహంతో, నేను వాతలు పెట్టిన ప్రతి ఇంటికీ పోయాను. నా వాతలు నేనే చూపించాను. ఒక ఇంట్లో ఆడవాళ్లు నా జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చారు. ఇంకో ఊళ్లో కుక్కల్ని ఉసిగొల్పారు. నిన్నటిదాకా నువ్వే పెట్టి ఇప్పుడు నువ్వే పట్టిస్తావా అని ఒక ముసలాయన చర్నాకోలతో నా వీపు చీల్చాడు. సారు ఆ చర్నాకోల లాక్కుని ముసలాయన్ను కొట్టబోయి, మళ్లీ ఎందుకో ఆగి, దాన్ని గడ్డివాము మీదికి విసిరేశాడు. ప్రతి ఇంట్లోనూ నాకు ఒకటే మాట నేర్పాడు. పిల్లలు ఉన్నారా, పచ్చిపాలు తాగుతున్నారా అని ముందు అడుగు. పశువు సంగతి తర్వాత.

మా ఆయన వంకకొమ్మును అమ్మేద్దామన్నాడు. పాప మందులు మింగి వాంతులు చేసుకుంటున్న రోజుల్లో, సంతలో బేరగాడిని ఇంటికే పిలుచుకొచ్చాడు. నేను కడ్డీ కాల్చుకుని కొట్టం గుమ్మంలో నిలబడ్డాను. దీని పలుపు పట్టుకున్న చెయ్యి ఎవరిదైనా సరే పెడతాను అన్నాను. నా సంగతి తెలుసు గనక బేరగాడు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పోయాడు. దాన్నీ, వాపు పెరిగిన రెండోదాన్నీ చేను చివర విడిగా కట్టాం. మరుసటి ఎండాకాలం వంకకొమ్ము అక్కడే చచ్చింది. సారు వచ్చి గొడ్డలితో డొక్క తెరిచి నన్ను దగ్గరికి పిలిచాడు. ఊపిరితిత్తుల మీద, పక్కటెముకల లోపల, సగ్గుబియ్యం ఉడికించి చల్లినట్టు ఉంది. అక్కడే లోతుగా గుంట తీసి, సున్నం పోసి పూడ్చాం.

ఇది మీ నాయన ఇచ్చింది గదా, దానికి ముందు? అని అడిగాడు ఆ గుంట దగ్గరే. మా నాయన అప్పటికే పోయాడు. ఉదయగిరి అవతల ఏదో సంతలో కొన్నాడని మాత్రమే తెలుసు. ఆ తర్వాత ఎప్పుడు ఎదురైనా, బస్టాండులో ఐనా, పెళ్లిలో ఐనా, అదే ప్రశ్న. తెలీదు సార్ అనేదాన్ని. గుర్తు తెచ్చుకో అని విసుక్కుని పోయేవాడు. రిటైరైన తర్వాత కూడా అడిగాడు.

పాప బతికింది. మందులు పూర్తయ్యాక గడ్డ కరిగి, సూది గుచ్చిన చోట చిన్న గాటు మిగిలింది. అది బడికి పోవడం మొదలుపెట్టిన వారం సారు వచ్చి, పిలిచి, మెడ కొలిచి, ఏమీ లేదు పో అని పంపేశాడు. నేను కాళ్ల మీద పడబోతే వెనక్కి జరిగాడు. ఎడమ ముంజేతిని చొక్కా మీదనే తట్టి, నవ్వకుండా అన్నాడు.

"నీది నలభై ఒకటి."

ఎంత పొడుగు వాత పడిందో కొలుచుకున్నాడన్నమాట. అది ఆయన మోటు సరసం అనుకున్నాను. తర్వాత నన్ను చూసినప్పుడల్లా పలకరింపు అదే అయింది. ఏమ్మే నలభై ఒకటీ, పాలు కాగబెడతా ఉండావా? అనేవాడు. పాపకు కూడా ఆ అంకె నోటికొచ్చేసింది. నా వల్లనే ఆ మనిషి ఎండల్లో చేతుల గుండీలు పెట్టుకుని తిరుగుతున్నాడని నేను కుమిలిపోయేదాన్ని.

ఆత్మకూరులో ఆయన ఇల్లు సందు లోపల. వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టారు. మెడ దాకా తెల్లగుడ్డ, గుడ్డ కింద పొడుగు చేతుల చొక్కా. వంకర ముక్కు చూసి ఏడుపు ఆగలేదు. ఆయన భార్య తల దగ్గర కూర్చుని ఉంది. బక్కపలచని మనిషి, కళ్లు పొడిగా ఉన్నాయి. కాళ్లకు దండం పెట్టుకుని ఆమె పక్కకు పోయాను. అమ్మా, ఆ ఎడమ చెయ్యి ఒక్కసారి చూసుకుంటాను అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. నన్ను చూసింది, పాప మెడ మీద గాటు చూసింది. గుడ్డ తొలగించి, తనే గుండీ తీసి, చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచింది.

ఒకటి కాదు. ఐదు ఉన్నాయి. మోచేతి దగ్గర మొదలై మణికట్టు దాకా, వరసగా, ఒకదాని కింద ఒకటి. కొన్ని సన్నం, కొన్ని వెడల్పు. పైవి తెల్లబడి పాతబడ్డాయి, కిందివి ఇంకా నల్లగా ఉన్నాయి.

"నీది ఎంతమ్మా?" అని అడిగింది ఆమె.

పాప చెప్పింది, నలభై ఒకటి అని.

ఆమె వెతుక్కోలేదు. మూడో దాని మీద వేలు పెట్టింది.

దానికి ముందు రెండు. మొదటి రోజు మా వాకిట్లో దిగేటప్పటికే ఆ గుండీ పెట్టుకుని వచ్చాడు. నిప్పు ఎట్లా ఉంటుందో రెండుసార్లు తెలిసిన చేతినే నా బిడ్డ మెడకు అడ్డం పెట్టాడు. దాని తర్వాత రెండు. అవి ఏ ఇళ్లలో పడ్డాయో, ఆ పిల్లలు ఎట్లా ఉన్నారో ఆమెను అడగడానికి నాకు మొహం లేదు. వాపు కనిపిస్తే నిప్పేనని ఈ ఊళ్లన్నిటికీ ధైర్యం ఇచ్చిందాన్ని నేను.

ఎత్తడానికి మనుషులు వచ్చారు. పక్కకు జరగమన్నారు. చొక్కా చెయ్యి మెల్లగా కిందికి దించి, మణికట్టు దగ్గర గుండీ నేనే పెట్టాను.